బ్లూటూత్ బిల్లు ప్రింటర్ పెయిర్ అవుతోంది, బిల్లు మాత్రం రావట్లేదు (విండోస్ 11)

గంటస్తంభం_కిరాణా (విజయనగరం)

నమస్కారం అండీ. కౌంటర్లో బ్లూటూత్ ప్రింటర్ మొరాయిస్తోంది. ఏది పనికొచ్చే వివరమో, ఏది కాదో తెలియక అన్నీ రాసేస్తున్నాను.

డెస్క్‌టాప్, విండోస్ 11. బోర్డులో బ్లూటూత్ లేదు కాబట్టి సీపీయూ వెనక యూఎస్‌బీ డాంగిల్ పెట్టాం, డబ్బా మీద 5.0 అని ఉంది. ప్రింటర్ 58 మి.మీ. థర్మల్, బ్యాటరీది, యూఎస్‌బీ కూడా ఉంది. గోడౌన్‌కి తీసుకెళ్ళే పని ఉంటుంది కాబట్టి బ్లూటూతే కావాలి. బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ పాతది. ప్రింటర్ గడిలో కామ్ పోర్ట్ నంబరు అడుగుతుంది, 1 నుంచి 9 వరకే తీసుకుంటుంది.

పిన్ 0000 కొడితే పెయిర్ అవుతుంది. సెట్టింగ్స్‌లో మాత్రం "పెయిర్డ్" అనే ఉంటుంది, "కనెక్టెడ్" అని రాదు. తీసేసి మళ్ళీ కలిపాం, ఏడెనిమిది సార్లు అయ్యుంటుంది. మొదటిసారి కలిపినప్పుడు బిల్లులు వచ్చాయి. ఇప్పుడు "పోర్ట్ ఓపెన్ కాలేదు" అంటోంది. విండోస్ ప్రింటర్ల లిస్టులో కూడా పెట్టి చూశాం, అందులోంచి ఒక్కోసారి వస్తుంది, ఒక్కోసారి రాదు.

వచ్చినప్పుడు కూడా రాత్రి తొమ్మిది దాటాక సగం బిల్లు కొట్టి ఆగిపోతుంది. ఆ తర్వాతి బిల్లు పైన పిచ్చి అక్షరాలు వస్తాయి. సరుకుల పేర్లు తెలుగులో పెడితే అన్నీ ప్రశ్న గుర్తులే.

ఇంకొకటి, కొత్తగా కొన్న బ్లూటూత్ బార్‌కోడ్ స్కానర్ కంప్యూటర్ లిస్టులో కనబడనే కనబడదు. ఫోన్‌లో వెంటనే కనబడి కలిసిపోయింది. డాంగిల్ మార్చాలా? ప్రింటర్ మార్చాలా?


కాశీబుగ్గ_కౌంటర్ (పలాస)

ఏదీ కొనకండి. ఇంకో మాట, "రిమూవ్ డివైస్" ఇకమీదట నొక్కకండి. కింద చెప్పిన చోట ఒక్కసారి నొక్కండి, అంతే. మీ పెయిరింగ్‌లో తప్పేమీ లేదు. మళ్ళీ మళ్ళీ తీసి కలపడమే మిమ్మల్ని ఇక్కడికి తెచ్చింది.

పెయిర్ అవడం అంటే రెండు వస్తువులూ ఒక రహస్య కీ ఒప్పుకుని చెరొక చోట దాచుకోవడం. అంతవరకే. ఇయర్‌ఫోన్‌కి, మౌస్‌కి అయితే విండోస్ తనే లైను కలిపి ఉంచుతుంది, అందుకని "కనెక్టెడ్" అని చూపిస్తుంది. ఈ రకం ప్రింటర్లు సీరియల్ పోర్ట్ ప్రొఫైల్ మీద నడుస్తాయి, పొట్టిగా ఎస్‌పీపీ అంటారు. ఏదో ఒక ప్రోగ్రాం కామ్ పోర్ట్ (విండోస్ నంబరు ఇచ్చే సీరియల్ దారి) తెరిస్తేనే లింకు కలుస్తుంది, మూస్తే తెగిపోతుంది. ఖాళీగా ఉన్న ప్రింటర్ "పెయిర్డ్" అని ఉండడమే సరైన స్థితి. అది చూసి సగం మంది కంగారుపడి రిమూవ్ కొడతారు.

కొడితే ఏమవుతుందంటే, తిరిగి కలిపిన ప్రతిసారీ విండోస్ కొత్త కామ్ నంబర్లు ఇస్తుంది. చాలా ప్రింటర్లకి ఒక్కసారికి రెండు, ఒకటి అవుట్‌గోయింగ్, ఒకటి ఇన్‌కమింగ్. పాతవి వెంటనే ఖాళీ అవ్వవు, వాడుకలో ఉన్నట్టే గుర్తు పెట్టుకుంటుంది. ఏడెనిమిది సార్లు కలిపారంటే మీ ప్రింటర్ ఈపాటికి కామ్ 10 దాటి ఎక్కడో ఉంటుంది. మీ సాఫ్ట్‌వేరేమో 9 దాటి ఒప్పుకోదు, మొదటిసారి ఇచ్చిన పాత నంబరునే ఇంకా పట్టుకుని ఉంటుంది. మొదటిసారి బిల్లు రావడం, తర్వాత రాకపోవడం రెండూ దీంతో కుదురుతున్నాయి.

ముందు నంబరు చూడండి. సెట్టింగ్స్, బ్లూటూత్ అండ్ డివైసెస్, డివైసెస్, బాగా కిందకి దిగితే "మోర్ బ్లూటూత్ సెట్టింగ్స్" ఉంటుంది. తెరుచుకున్న చిన్న కిటికీలో "కామ్ పోర్ట్స్" ట్యాబ్. అందులో మీ ప్రింటర్ పేరు ఎదురుగా "అవుట్‌గోయింగ్" అని ఉన్న నంబరే మీకు కావలసింది. ఇన్‌కమింగ్ నంబరు ఇచ్చారంటే పోర్ట్ తెరుచుకున్నట్టే ఉంటుంది, కానీ అవతలి నుంచి ఎవరో పిలుస్తారని ఎదురుచూస్తూ కూర్చుంటుంది. ప్రింటర్ ఎప్పుడూ తనంతట తాను పిలవదు. సాఫ్ట్‌వేర్ బిగుసుకుపోయిందని అప్పుడే అంటారు.

నంబరు 9 దాటి ఉంటే ఇలా చేయండి. రిమూవ్ ఒక్కసారి ఇక్కడే. ప్రింటర్ తీసేసి, డివైస్ మేనేజర్ తెరిచి వ్యూ మెనూలో "షో హిడెన్ డివైసెస్" పెట్టండి. "పోర్ట్స్" కింద వెలిసిపోయిన రంగులో "స్టాండర్డ్ సీరియల్ ఓవర్ బ్లూటూత్ లింక్" అని వరుసగా కనబడతాయి. అవన్నీ చచ్చిన పోర్టులు. ఒక్కొక్కటీ అన్‌ఇన్‌స్టాల్ చేసి, కంప్యూటర్ రీస్టార్ట్ చేసి, ప్రింటర్ ఒక్కసారి కలపండి. సాధారణంగా మళ్ళీ 3, 4, 5 లాంటి చిన్న నంబరు వస్తుంది. తూకం మిషన్ ఏదైనా వైరుతో కామ్ పోర్ట్ మీద ఉంటే దాని జోలికి వెళ్ళకండి, పేరు చూసి తీయండి.

కలిపాక కామ్ పోర్ట్స్ ట్యాబ్ ఖాళీగా ఉందంటే ప్రింటర్ ప్రాపర్టీస్‌లో "సర్వీసెస్" ట్యాబ్ చూడండి. "సీరియల్ పోర్ట్" పక్కన టిక్ ఉండాలి. టిక్ లేకపోతే పోర్టే పుట్టదు.

పోర్ట్ పనిచేస్తోందో లేదో బిల్లింగ్ సాఫ్ట్‌వేర్‌తో తేల్చకండి, అది అన్ని తప్పులకీ ఒకటే మాట అంటుంది. పుట్టీ అనే ఉచిత ప్రోగ్రాం తీసుకుని, సీరియల్ ఎంచుకుని, మీ అవుట్‌గోయింగ్ నంబరు ఇచ్చి తెరవండి. వేగం 9600 ఉంచండి, బ్లూటూత్ పోర్ట్‌కి ఆ అంకెతో పని లేదు. తెరుచుకున్న క్షణంలో ప్రింటర్ మీద మిణుకుమనే లైటు నిలకడ అవుతుంది, చాలా మోడల్స్‌లో. నాలుగు ఇంగ్లిష్ అక్షరాలు కొట్టి కంట్రోల్ పట్టుకుని జె నొక్కండి. ఎంటర్ కాదు: పుట్టీలో ఎంటర్ క్యారేజ్ రిటర్న్ మాత్రమే పంపుతుంది, చాలా ప్రింటర్లు దాన్ని పట్టించుకోవు. లైన్ ఫీడ్ (కంట్రోల్, జె పంపేది అదే) వస్తేనే కాగితం మీద పడుతుంది.

పుట్టీలో కూడా తెరుచుకోకపోతే అది చెప్పే ఎర్రర్ చూసి ఇక్కడ రాయండి. 2 అయితే ఆ నంబరు పోర్టే లేదు. 5 అయితే పోర్ట్ ఉంది గానీ ఇంకో ప్రోగ్రాం పట్టుకుని ఉంది. 121 అంటే కంప్యూటర్ పిలిచింది, ప్రింటర్ పలకలేదు: ఆఫ్‌లో ఉంది, నిద్రపోయింది, దూరంగా ఉంది, లేదా మరొకరితో మాట్లాడుతోంది. ఈ చివరిది కౌంటర్లలో రోజూ జరుగుతుంది. ఈ ప్రింటర్లు ఒకసారికి ఒక్కరితోనే కలుస్తాయి. ఎవరి ఫోన్‌లోనైనా బిల్లింగ్ యాప్ ఆ ప్రింటర్‌ని పట్టుకుని ఉంటే కంప్యూటర్‌కి దారి లేదు. ఫోన్‌లో ఫర్గెట్ చేయండి.


గంటస్తంభం_కిరాణా

అన్నా, చెప్పింది చెప్పినట్టే ఉంది. అవుట్‌గోయింగ్ కామ్ 17, ఇన్‌కమింగ్ 18. సాఫ్ట్‌వేర్‌లో కామ్ 3 ఉంది. హిడెన్‌లో పదమూడు పాత పోర్టులు కనబడ్డాయి. తీసేసి కలిపితే అవుట్‌గోయింగ్ కామ్ 4 వచ్చింది. పుట్టీలో ఎర్రర్ 5, యాక్సెస్ డినైడ్. పుట్టీ తప్ప ఏమీ తెరిచి లేదు. ఫోన్లు అన్నిట్లోంచీ తీసేశాం.

రాత్రి తొమ్మిదికి ప్రత్యేకంగా ఏమీ చేయం, లెక్కలు బ్యాకప్ ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్‌లోకి పెడతాం, అంతే. డిస్క్ కూడా వెనకే, డాంగిల్ పక్క సాకెట్లో.


కాశీబుగ్గ_కౌంటర్

5 వచ్చిందంటే స్పూలర్, అంటే ప్రింటు పనులని క్యూలో పెట్టి ప్రింటర్‌కి పంపే విండోస్ సర్వీసు. విండోస్ లిస్టులో పెట్టిన ప్రింటర్‌కి అదే కామ్ 4 తగిలించి ఉంటుంది, ఏదో టెస్ట్ పేజీ క్యూలో ఇరుక్కుని ఉంటుంది. ఆ జాబ్ కదిలేదాకా స్పూలర్ పోర్ట్ వదలదు. సర్వీసెస్‌లో "ప్రింట్ స్పూలర్" ఆపి, విండోస్ ఫోల్డర్‌లో సిస్టం32, అందులో స్పూల్, అందులో ప్రింటర్స్ అనే ఫోల్డర్‌లో ఉన్న ఫైళ్ళు చెరిపి (ఫోల్డర్ ఉండనివ్వండి), స్పూలర్ మళ్ళీ మొదలుపెట్టండి.

తర్వాత ఒక నిర్ణయం తీసుకోండి: బిల్లులు సాఫ్ట్‌వేర్ నేరుగా కామ్ పోర్ట్‌కి పంపాలా, విండోస్ ప్రింటర్ డ్రైవర్ ద్వారా వెళ్ళాలా. రెండూ ఒకే పోర్ట్ మీద పెడితే రోజుకొకసారైనా కొట్టుకుంటాయి. నేరుగా పంపేటట్టయితే విండోస్ లిస్టులోంచి ప్రింటర్ తీసేయండి. ఇది ప్రింటర్ క్యూ తీయడం మాత్రమే, బ్లూటూత్ పెయిరింగ్ తీయడం కాదు. రెండిటినీ కలిపేసుకోకండి.

బ్యాకప్ సంగతి రాజాం ఆయన చెప్తారు, ఆయన సబ్జెక్టు అది.


రాజాం_హార్డ్‌వేర్

తొమ్మిదింటికి ఏటీ చేయట్లేదని రాసి, కింద వాక్యంలోనే చేసింది చెప్పేశారు మీరు. ఆ డిస్కే.

యూఎస్‌బీ 3.0 సాకెట్, లోపల నీలం రంగు ప్లాస్టిక్ ఉంటాది చూడండి, దాంట్లో డేటా పరుగెడుతున్నంతసేపూ 2.4 గిగాహెర్ట్జ్ చుట్టుపక్కల రేడియో రొద పుడతాది. ఇదేమీ పుకారు కాదు, 2012లో ఇంటెల్ వాళ్ళే కొలిచి పత్రం వేశారు. బ్లూటూత్ ఉండేది అక్కడే, 2402 నుంచి 2480 మెగాహెర్ట్జ్. పక్క షాపుల వైఫైని బ్లూటూత్ తట్టుకుంటాది, ఎందుకంటే దానికి 79 చానళ్ళున్నాయి, వైఫై ఒక్కోటీ 20 మెగాహెర్ట్జ్ ముక్కే ఆక్రమిస్తాది, ఆ ముక్క వదిలేసి మిగతా వాటి మీద గెంతుకుంటూ పోతాది. యూఎస్‌బీ రొద అలా కాదు, మొత్తం బ్యాండు మీద దుప్పటి కప్పినట్టు పడతాది. గెంతడానికి చోటు ఉండదు. అందులోనూ మీ డాంగిల్ డిస్క్ వైరుకి రెండు వేళ్ళ దూరంలో, సీపీయూ ఇనప డబ్బా వెనక.

మందు చవకే. ఒక మీటరు, మహా అయితే మీటరున్నర యూఎస్‌బీ 2.0 ఎక్స్‌టెన్షన్ వైరు తెచ్చి, నల్ల లేదా తెల్ల సాకెట్లో (నీలం కాదు) గుచ్చి, డాంగిల్‌ని కౌంటర్ పైకి తెచ్చీయండి. స్టీలు ర్యాకుకి ఆన్చకండి, చెక్క మీదో గోడ మీదో టేపు వేసి పెట్టీయండి. డిస్క్ డాంగిల్‌కి దూరంగా ఉంచండి. డాంగిల్ మార్చడం కన్నా ఈ వైరే ఎక్కువ పని చేస్తాది.

డబ్బా మీద 5.0 అన్నారు. నిజమో కాదో చూసుకోవాలంటే డివైస్ మేనేజర్‌లో బ్లూటూత్ కింద మీ అడాప్టర్, ప్రాపర్టీస్, అడ్వాన్స్‌డ్ ట్యాబ్. ఫర్మ్‌వేర్ దగ్గర ఎల్ఎంపీ అని ఒక అంకె. 6 అయితే 4.0. 8 అయితే 4.2. 9 అయితే 5.0. చవక డాంగిళ్ళలో 5.0 స్టిక్కరు కింద 6 కనబడడం మామూలే. మోసమే, కానీ మీ ప్రింటర్‌కి దాంతో నష్టం లేదు. ఎస్‌పీపీ పాత క్లాసిక్ బ్లూటూత్ మీద నడిచేది, 4.0 చాలు. ఇలాంటివాటికి సీడీలో వచ్చే డ్రైవర్ వేయకండి, విండోస్ సొంత డ్రైవరే ఉంచండి. అక్కడే ప్రాపర్టీస్‌లో "పవర్ మేనేజ్‌మెంట్" ట్యాబ్ ఉంటే, కంప్యూటర్ ఈ డివైస్‌ని ఆపేయొచ్చన్న టిక్ తీసీయండి. మధ్యాహ్నం గిరాకీ లేక గంట ఖాళీగా ఉండి, సాయంత్రం మొదటి బిల్లు రాకపోతే కారణం ఇదో, ప్రింటర్ తనంతట తానే నిద్రపోవడమో అయి ఉంటాది.

ముందుముందు బోర్డులోనే బ్లూటూత్ ఉన్న కంప్యూటర్ తీసుకుంటే ఈ డాంగిల్ దానికి తగిలించకండి. విండోస్ ఒక్క బ్లూటూత్ రేడియోనే నడుపుతాది. రెండున్నచోట ఒకటి డిసేబుల్ చేయాలి. డాంగిల్ మారితే పాత పెయిరింగులన్నీ పోతాయి, కీ దాచేది ఆ డాంగిల్ అడ్రసు కిందే కాబట్టి.

ఇక పిచ్చి అక్షరాల సంగతి. తెలుగు సంగతి కూడా ఇందులోనే కలిసి ఉంది.

ఈ ప్రింటర్ లోపల ఇంగ్లిష్ అక్షరాలు అచ్చు పోసి ఉంటాయి, తెలుగు ఉండదు. ఒత్తులు, గుణింతాలు కూర్చే తెలివీ దానికి లేదు. "జెనెరిక్ టెక్స్ట్ ఓన్లీ" డ్రైవర్ పెట్టినా, సాఫ్ట్‌వేర్ నేరుగా అక్షరాలు పంపినా ప్రశ్న గుర్తులే వస్తాయి. తెలుగు కావాలంటే కంప్యూటర్లోనే బిల్లుని బొమ్మలా గీసి, చుక్కలుగా పంపాలి. ప్రింటర్ కంపెనీ ఇచ్చే 58 మి.మీ. విండోస్ డ్రైవర్ ఆ పని చేస్తాది.

కానీ లెక్క చూడండి. ప్రింటర్ 203 డీపీఐ, అంటే మి.మీ.కి 8 చుక్కలు. 58 మి.మీ. కాగితం మీద అచ్చయ్యే వెడల్పు 48 మి.మీ., అంటే 384 చుక్కలు, వరుసకి 48 బైట్లు. 100 మి.మీ. పొడవు బిల్లుకి 800 వరుసలు. మొత్తం 38,400 బైట్లు. అదే బిల్లు ఇంగ్లిష్ అక్షరాలుగా పంపితే వరుసకి 32 అక్షరాలు, 24 వరుసలు, 800 బైట్లు కూడా అవదు. అంటే తెలుగు బిల్లు గాల్లో యాభై రెట్లు ఎక్కువసేపు ఉంటాది. పక్కన డిస్క్ రొద పెడుతుంటే మధ్యలో లింకు తెగడానికి అన్ని రెట్లు ఎక్కువ అవకాశం.

తెగితే ఏటవుతాదంటే, బొమ్మ పంపేముందు కంప్యూటర్ "ఇన్ని బైట్లు వస్తున్నాయి" అని ప్రింటర్‌కి చెప్తాది. ప్రింటర్ లెక్కపెట్టుకుంటూ ఉంటాది. సగంలో లింకు పోయినా లెక్క మర్చిపోదు. తర్వాతి బిల్లు మొదటి బైట్లు కూడా పాత బొమ్మలో మిగిలిన ముక్కే అనుకుని మింగేస్తాది. అక్కడినుంచి కమాండ్లు అక్షరాలైపోతాయి, అక్షరాలు చుక్కలైపోతాయి. మీరు చూసిన చెత్త అదే. సగంలో ఆగితే ఇంకో బిల్లు పంపకుండా ముందు ప్రింటర్ ఆఫ్ చేసి ఆన్ చేయండి.

ఒకటి మిగిలింది, బ్యాటరీ. హెడ్డు నల్లగా కాల్చినప్పుడు ఒక్కసారిగా కరెంటు లాగుతాది. నీరసించిన బ్యాటరీ వోల్టేజీ కుంగిపోయి లోపలి బ్లూటూత్ మాడ్యూల్ రీసెట్ అయిపోతాది. ఆగింది ఎప్పుడూ నల్లటి పట్టీ దగ్గరో, పెద్ద అక్షరాల షాపు పేరు దగ్గరో అయితే అనుమానం బ్యాటరీ మీద పెట్టుకోండి. ఛార్జర్ తగిలించి అదే బిల్లు కొట్టి చూస్తే తేలిపోతాది. బిల్లులో ఎక్కడంటే అక్కడ ఆగితే రేడియో.


అరసవల్లి_స్కాన్ (శ్రీకాకుళం)

స్కానర్ గురించి ఎవరూ చెప్పలేదు కాబట్టి.

విండోస్ 11లో "యాడ్ డివైస్" కొట్టినప్పుడు వచ్చే లిస్టు వడపోసిన లిస్టు. తనకి మామూలుగా తెలిసిన రకాలనే చూపిస్తుంది. సెట్టింగ్స్, బ్లూటూత్ అండ్ డివైసెస్, డివైసెస్, కింద డివైస్ సెట్టింగ్స్‌లో "బ్లూటూత్ డివైసెస్ డిస్కవరీ" అని ఉంటుంది. అది డిఫాల్ట్‌లో ఉంటే అడ్వాన్స్‌డ్‌కి మార్చండి. అప్పుడు చుట్టూ ఉన్నవన్నీ కనబడతాయి, పక్క షాపు టీవీతో సహా. ఆ మెనూ కనబడకపోతే విండోస్ అప్‌డేట్లు బాకీ ఉన్నాయన్నమాట.

దానికన్నా ముందు, ఫోన్‌లో కలిసిపోయింది అన్నారు కదా. కలిసి ఉన్నంతసేపూ స్కానర్ ఇంకెవరికీ కనబడదు. ఫోన్‌లో ఫర్గెట్ చేసి, ఫోన్ బ్లూటూత్ ఆపి, అప్పుడు కంప్యూటర్లో వెతకండి. ఫోన్ జేబులో ఉంటే అది మళ్ళీ ముందే పట్టేసుకుంటుంది.

అయినా రాకపోతే స్కానర్ మోడ్ తప్పు. ఇప్పుడొచ్చే చాలా స్కానర్లలో మూడు దారులుంటాయి: వైరు, దాంతో వచ్చిన సొంత 2.4 గిగాహెర్ట్జ్ రిసీవర్, బ్లూటూత్. రిసీవర్ మోడ్‌లో ఉంటే బ్లూటూత్‌లో అసలు పలకదు. మాన్యువల్ పుస్తకంలో మోడ్ మార్చే బార్‌కోడ్లు ఉంటాయి. బ్లూటూత్ హెచ్ఐడీ అన్నదాన్ని స్కాన్ చేయండి. ఎస్‌పీపీ అన్నది చేయకండి, చేస్తే అది కూడా కామ్ నంబరు తినేస్తుంది, మీ సాఫ్ట్‌వేర్‌కి అది అర్థం కాదు. పక్క బార్‌కోడ్ కూడా పడకుండా చేత్తో మూసి స్కాన్ చేయాలి. పుస్తకం పోయి పీడీఎఫ్‌లో ఉంటే, లేజర్ రకం స్కానర్ ఫోన్ తెర మీది బార్‌కోడ్‌ని చదవలేదు, కాగితం మీద ప్రింటు తీయాల్సిందే.

హెచ్ఐడీ అంటే కంప్యూటర్ దాన్ని కీబోర్డు అనుకుంటుంది. అందుకే ఇది "కనెక్టెడ్" అని చూపిస్తుంది, పోర్ట్ గొడవ లేదు. కర్సర్ ఎక్కడుంటే అక్కడ టైపు చేస్తుంది. ముందు నోట్‌ప్యాడ్‌లో ఒక బిస్కెట్ ప్యాకెట్ స్కాన్ చేయండి, 890తో మొదలయ్యే 13 అంకెలు వచ్చి కర్సర్ కింది వరుసకి దిగితే అంతా బాగున్నట్టే. దిగకపోతే పుస్తకంలో ఎంటర్ చేర్చే బార్‌కోడ్ వెతికి స్కాన్ చేయండి.

తెలుగు టైపు చేసేవాళ్ళ కంప్యూటర్లో ఒక చిక్కు. కీబోర్డు తెలుగులో ఉన్నప్పుడు స్కాన్ చేస్తే, మీరు సొంతంగా వేసుకున్న కోడ్‌లోని ఇంగ్లిష్ అక్షరాలు తెలుగు అక్షరాలైపోతాయి, సరుకు దొరకలేదంటుంది. స్కానర్ని తిట్టుకుంటారు, దాని తప్పు లేదు. విండోస్ కీ, స్పేస్ కలిపి నొక్కి ఇంగ్లిష్‌కి మార్చుకుని బిల్లు వేయండి.


బొబ్బిలి_ఉబుంటు

లినక్స్‌లో బిల్లింగ్ నడిపేవాళ్ళు ఈ చర్చ చదివితే పనికొస్తుందని రాస్తున్నా. అక్కడ కూడా రోగం ఇదే, ఎర్రర్ మాటలే వేరు. బ్లూటూత్‌సీటీఎల్‌లో (టెర్మినల్లో బ్లూటూత్ నడిపే కమాండు) స్కాన్ ఆన్, తర్వాత పెయిర్, తర్వాత ట్రస్ట్, మూడూ అవుతాయి. కనెక్ట్ కొడితే మాత్రం ప్రొఫైల్ అందుబాటులో లేదని విఫలమవుతుంది. అక్కడితో ఆగిపోయి పెయిరింగ్ తీసేయకండి, ఎస్‌పీపీకి ఆ కనెక్ట్ అవసరం లేదు. ఆర్ఎఫ్‌కామ్ బైండ్ కమాండుకి 0, ప్రింటర్ అడ్రసు, చానల్ 1 ఇవ్వండి. డెవ్ ఫోల్డర్‌లో ఆర్ఎఫ్‌కామ్0 పుడుతుంది, సాఫ్ట్‌వేర్‌కి అదే చూపించండి. పర్మిషన్ లేదంటే యూజర్ని డయలౌట్ గ్రూపులో చేర్చి, లాగౌట్ అయి రండి. రీబూట్ చేస్తే బైండ్ పోతుంది, స్టార్టప్‌లో పెట్టుకోవాలి.

ఒకే కంప్యూటర్లో విండోస్, లినక్స్ రెండూ ఉంటే, చివరగా ఎందులో పెయిర్ చేశారో అందులోనే పనిచేస్తుంది. డాంగిల్ అడ్రసు ఒకటే కావడంతో ప్రింటర్ పాత కీ చెరిపి కొత్తది రాసుకుంటుంది. కౌంటర్ మిషన్‌లో రెండు పెట్టకపోవడమే నయం.


గంటస్తంభం_కిరాణా

అందరికీ ధన్యవాదాలు. క్యూలో ఆరు టెస్ట్ పేజీలు ఇరుక్కుని ఉన్నాయి, స్పూలర్ ఆపి చెరిపాక పుట్టీలో మొదటిసారే అక్షరాలు పడ్డాయి. సాఫ్ట్‌వేర్‌లో కామ్ 4 ఇచ్చాం, బిల్లులు నేరుగా వెళ్తున్నాయి. విండోస్ లిస్టులోంచి తీసేశాం.

ఎక్స్‌టెన్షన్ వైరుతో డాంగిల్ కౌంటర్ మీదకి వచ్చింది. నిన్న రాత్రి బ్యాకప్ నడుస్తుండగానే కావాలని వరుసగా పది బిల్లులు కొట్టాం, ఒక్కటీ ఆగలేదు. ఎల్ఎంపీ 6 అండీ, రాజాం గారు చెప్పినట్టే. స్కానర్ ఫోన్‌లోంచి తీసి, డిస్కవరీ అడ్వాన్స్‌డ్ పెడితే వెంటనే వచ్చింది.

ఇప్పుడు సరుకుల పేర్లు ఇంగ్లిష్‌లోనే వస్తున్నాయి, సరే. షాపు పేరు ఒక్కటైనా తెలుగులో ఉండాలని ఇంట్లో పట్టుదల. దానికోసం మొత్తం బిల్లు బొమ్మగా పంపాలా? ఇంకా రూపాయి గుర్తు కూడా ప్రశ్న గుర్తుగానే వస్తోంది.


రాజాం_హార్డ్‌వేర్

అక్కర్లేదు. షాపు పేరు తెలుగులో నలుపు తెలుపు బొమ్మగా చేసి, వెడల్పు 384 చుక్కలు దాటకుండా, ప్రింటర్ కంపెనీ యుటిలిటీతో లోగోలా ఎక్కించీయండి. ఎక్కించేటప్పుడు యూఎస్‌బీ వైరు వాడండి. అది ప్రింటర్ సొంత మెమరీలో ఉండిపోతాది. ఆపైన బిల్లు మొదట్లో "లోగో 1 కొట్టు" అనే నాలుగు బైట్ల కమాండు పోతే చాలు. మీ సాఫ్ట్‌వేర్లో హెడర్ దగ్గర కంట్రోల్ కోడ్లు రాసుకునే గడి ఉంటే 28, 112, 1, 0 అని ఇవ్వండి. అక్షరాలు లావుగా ఉండాలి, సన్నటి గీతలు థర్మల్ మీద విరిగిపోతాయి. ఆ మెమరీ రాసిన కొద్దీ అరుగుతాది కాబట్టి పండక్కో బొమ్మ మార్చుకోండి గానీ రోజుకొకటి వద్దు.


కాశీబుగ్గ_కౌంటర్

రూపాయి గుర్తు వచ్చింది 2010లో. ప్రింటర్లో ఉన్న అక్షరాల పట్టిక అంతకన్నా ఎంతో పాతది, అందులో ఆ గుర్తుకి చోటు లేదు. సాఫ్ట్‌వేర్లో కరెన్సీ గడిలో గుర్తు తీసేసి ఇంగ్లిష్ ఆర్, ఎస్ అక్షరాలు పెట్టండి. వరుసకి 32 అక్షరాలే కాబట్టి ప్రతి సరుకు దగ్గరా వద్దు, చివర మొత్తం దగ్గర ఒక్కచోట చాలు.